తొమ్మిదో కిలోమీటరు మలుపు దగ్గర దోనె

ఆ రోడ్డు పొడవు 22.6 కిలోమీటర్లు. పట్నం శివారు లాకుల దగ్గర మొదలై గోదావరి పాయ ఒడ్డున, బళ్ళను అవతలికి దాటించే పంటు రేవులో ఆగిపోతుంది. అందులో 18.9 కిలోమీటర్లు కాలువ గట్టు మీదే నడుస్తుంది. ఉదయం 5.40కి పట్నంలో బయలుదేరే మొదటి బస్సు 6.35కి రేవు చేరాలి. తొమ్మిదో కిలోమీటరు రాయి దాటిన 400 మీటర్లకు, అంటే మా రోడ్ల శాఖ లెక్కలో 9/400 దగ్గర, రోడ్డు ఎడమకు తిరుగుతుంది. నేను మొదటిసారి కొలిచినప్పుడు ఆ మలుపు వ్యాసార్థం 42 మీటర్లు, తారు వెడల్పు 3.75 మీటర్లు. బాగా ఇరుకైన చోట తారు అంచు నుంచి నీటి అంచుకు మీటరున్నర. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్ళు వదిలినప్పుడు కాలువ లోతు 2.1 మీటర్లు. అడుగున నిలబడ్డ మనిషి చెయ్యెత్తితే వేళ్ళ కొసలు మాత్రం పైకి వచ్చే లోతు అది.

ఆ మలుపు దగ్గర ఇప్పుడొక తాటాకు పాక ఉంది. పాక ముందు కాలువలో ఒక దోనె కట్టి ఉంది. గత నెల ఆ సెక్షన్ చూస్తున్న అసిస్టెంట్ ఇంజనీరు నాకు ఫోన్ చేశాడు.

"సార్, ఆక్రమణలు తీసెయ్యమని ఆర్డరొచ్చిందండి. 9/400లో ఒక పాకుంది. అందులో ఉన్న పెద్దాయన మీ పేరు చెప్తున్నాడండి. ఏం చెయ్యమంటారు?"

పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది. ఏం చెయ్యాలో చెప్పే అధికారం నాకు లేదు. ఆ పాక అక్కడికి ఎందుకు వచ్చిందో మాత్రం నాకు తెలుసు. ఫోనులో చెప్పేది కాదు కాబట్టి రాసి పంపిస్తానన్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే మిగతావాళ్ళకూ పనికొస్తుందని కొంచెం విడమరచి రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. మనుషుల పేర్లు మార్చాను. కొలతలు మార్చలేదు.

గట్టు రోడ్డయిన తీరు

డెల్టాలో రోడ్లను ఇంజనీర్లు గీయలేదు, నీళ్ళు గీశాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలువలు తవ్వారు. తవ్విన మట్టిని పక్కన పోస్తే గట్టయింది. సరుకుల పడవలను తాళ్ళతో లాగుకుంటూ మనుషులు నడిచిన బాట ఆ గట్టు మీదే పడింది. పడవలు పోయాయి, బాట మిగిలింది. దాని మీద గ్రావెల్ పరిచారు, తరవాత కంకర, ఆ తరవాత తారు. చివరికి దానికి రాష్ట్ర రహదారి అని పేరు పెట్టి మా శాఖకు అప్పగించారు.

కాలువ పల్లాన్ని బట్టి తిరిగింది కాబట్టి రోడ్డూ తిరిగింది. 9/400 దగ్గర ఒకప్పుడు చిన్న లాకు ఉండేది. పడవలు నీటిమట్టం మారేదాకా అక్కడ ఆగేవి. ఆగిన పడవలకు పనివాళ్ళు కావాలి. అలా కొన్ని బెస్త కుటుంబాలు ఆ మలుపు లోపల, లాకు కోసం గట్టు వెడల్పు చేసిన చోట, రోడ్డుకూ కాలువకూ మధ్య ఉన్న పోరంబోకులో ఇళ్ళు వేసుకున్నాయి. లాకు శిథిలమైంది. ఇళ్ళు ఉండిపోయాయి, మొత్తం ఇరవై నాలుగు. రోడ్డుకు రెండోవైపు వరిచేలు ఉండేవి. అవి క్రమంగా చేపల చెరువులయ్యాయి. దాంతో రెండువైపులా నీళ్ళున్న గట్టు మీద బస్సులు నడిపే పరిస్థితి వచ్చింది.

జగన్నాథం గారు నడిపించిన రోజు

నేను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, చేరిన మొదటి వారంలోనే నా పైఅధికారి, డిప్యూటీ ఇంజనీరు జగన్నాథం గారు జీపు దిగమన్నారు.

"రోడ్డు తెలియాలంటే నడవాలయ్యా. జీపులో కూర్చుంటే గతుకులే తెలుస్తాయి" అన్నారు.

ఇద్దరం రోజుకు ఏడెనిమిది కిలోమీటర్ల చొప్పున మూడు రోజులు నడిచాం. ఆయన కోపిష్ఠి. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే ఎదుటివాడు ఎవరో కూడా చూసేవారు కాదు. కాని నాకు దొరికిన పైఅధికారుల్లో రోడ్డు మీద నిలబడి అవతలివాడి మాట పూర్తిగా విన్నది ఆయనొక్కరే.

రెండో రోజు మలుపు దగ్గర ఆగాం. గట్టు కింద గుంజకు ఒక తాటి దోనె కట్టి ఉంది. అందులో వల లేదు. చుట్టగా చుట్టిన మోకు, ఒక గెడ, కొడవలి ఉన్నాయి. ముప్ఫయ్యేళ్ళ మనిషొకడు దానికి తారు పూస్తున్నాడు. ఆ తారు మాదే. మలుపు అవతల మేము నిలవ చేసిన డ్రమ్ములోంచి వచ్చింది.

జగన్నాథం గారికి అది వెంటనే అర్థమైంది. "ఏరా, గవర్నమెంటు తారుతో చేపలు పడతావా?" అన్నారు.

అతను లేవకుండానే నవ్వాడు. "ఇది వేటకు కాదండి."

"మరెందుకు?"

"మీ రోడ్డుకండి."

అతని పేరు ఏడుకొండలు. విషయం అతని భార్య మంగ చెప్పింది. ఆ మలుపులో బళ్ళు కాలువలో పడుతుంటాయి. పడ్డవాళ్ళను తియ్యడానికే ఆ దోనె. దాన్ని చేపలకు వాడకూడదని కాలనీలో కట్టుబాటు. ఇరవై నాలుగు ఇళ్ళూ వంతులు వేసుకున్నాయి. వంతున్న ఇంటివాళ్ళు కాలువవైపు అరుగు విడిచి వెళ్ళకూడదు. చప్పుడు వినిపిస్తే ఆడవాళ్ళు పళ్ళెం మోగించాలి, మగవాళ్ళు దిగాలి. మోకు కారుకు కట్టడానికి, కొడవలి జీపుల గుడ్డ తలుపులూ సీటు బెల్టులూ కొయ్యడానికి. నీళ్ళలో దొరికిన వస్తువు చెప్పైనా సరే, గుంజకు తగిలించాలి. ఎవరిదో వాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు.

అదే సమయానికి రేవు బస్సు వచ్చింది. మలుపులో రెండుసార్లు హారన్ కొట్టింది. ఎదురుగా మరో బండి లేదు. మంగ బస్సుకేసి చూడకుండానే చెయ్యి పైకెత్తింది.

"ఏంటమ్మా అది?" అన్నాన్నేను.

"మేం ఉన్నామని చెప్పడమండి. డ్రైవరు బాబులు అడుగుతారు, మేం చెప్తాం."

జగన్నాథం గారు వెళ్ళేటప్పుడు ఏడుకొండలుతో, "తారు కావలిస్తే అడుగు, దొంగతనం చెయ్యకు" అని మాత్రం అన్నారు. ఆ తరవాత ఏటా వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేసినప్పుడు ఒక డబ్బా తారు ఆ గుంజ దగ్గర పెట్టించడం మా సెక్షన్‌లో ఆనవాయితీ అయింది.

వాళ్ళు మనుషుల్ని తియ్యడం నేను కళ్ళారా చూశాను. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి, నేను మలుపులో గుంతలు పూడ్పిస్తుండగా పట్నం నుంచి వస్తున్న కారొకటి నాకు ఇరవై మీటర్ల దూరంలో కాలువలోకి జారింది. పళ్ళెం చప్పుడు నేను నోరు తెరవకముందే వినిపించింది. కారు పూర్తిగా మునగకముందే ఇద్దరు తలుపు దగ్గరున్నారు. నలుగురినీ బయటికి తీశారు. ఆఖరుగా ఏడుకొండలు ఒక పెద్దమనిషిని జుట్టు పట్టుకుని గట్టుకు ఈడ్చాడు. ఆయన రోడ్డుకు రెండోవైపు చేపల చెరువున్న రామభద్రరాజు గారి అన్నగారు. ఊపిరి ఆడాక ఆయన తల తడుముకుంటూ మూలిగారు.

"నీళ్ళలో మర్యాదుండదండి. జుట్టు దొరికితే జుట్టే. మీకు ఉంది కాబట్టి సరిపోయింది" అన్నాడు ఏడుకొండలు. పక్కనే ఉన్న బట్టతల డ్రైవరు ఏడుస్తూనే నవ్వాడు.

మంగ అడిగింది

ఇరవై రెండేళ్ళ తరవాత ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా అదే రోడ్డుకు వచ్చాను. ఆ మధ్యలో మా శాఖ ఆ రోడ్డు మీద ఐదుసార్లు తారు వేసింది. పాతది తియ్యకుండా దాని మీదే కొత్తది. పొర పొరకూ రోడ్డు లేచింది, ఇళ్ళు లేవలేదు. వాన పడితే రోడ్డు మీది నీళ్ళన్నీ కాలనీ గడపల్లోకి. ఎస్టిమేట్లలో రోడ్డు మందం రాస్తాం కాని, పక్క ఇంటి గడప ఎత్తు రాసే గడి ఏ ఎస్టిమేటులోనూ లేదు. కొత్తగా వచ్చేవాళ్ళు గడి లేకపోయినా రాయండి.

మంగ నన్ను గుర్తుపట్టింది. మోకాటి లోతు నీళ్ళున్న గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఎన్నాళ్ళండి బాబుగారూ, ఎవరో పడతారని మేం ఇలా నీళ్ళలో కూర్చోడం? మాకూ పిల్లలున్నారు కదండి. మెరక మీద పట్టా ఇప్పించండి. మీకు దణ్ణం పెడతాను."

ఏడుకొండలు వెనకనుంచి, "ఈవిడకి మేడ కావాలండి. మేడెక్కి కాలువ చూస్తాదంట" అన్నాడు.

"చూడను. దాని మొహం మళ్ళీ చూడను" అంది మంగ.

ఆ మాటలో న్యాయం ఉంది. ఈ కథలో అందరి మాటల్లోనూ ఎంతో కొంత న్యాయం ఉంది. ఇది అర్థం కావడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.

రెండు డ్రాయింగులు

మలుపు సరిచేయడానికి నిధులు వచ్చాయి. నేను రెండు డ్రాయింగులు గీయించాను. మొదటి దాంట్లో రోడ్డు కాలువను వదిలి రామభద్రరాజు గారి చెరువు అంచు మీదుగా వెళ్తుంది. వ్యాసార్థం 120 మీటర్లకు పెరుగుతుంది, రోడ్డు నీటికి దూరమవుతుంది. దానికి ఒక ఎకరా అరవై సెంట్ల భూసేకరణ కావాలి. రెండో దాంట్లో రోడ్డు గట్టు మీదే ఉంటుంది. కాలనీ ఖాళీ చేయించి, ఆ స్థలంలోకి ఏడు మీటర్లకు వెడల్పు చేసి, కాలువవైపు 210 మీటర్ల గోడా దాని మీద ఇనుప రక్షణ కడ్డీలూ వెయ్యాలి.

రాజు గారి ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు, మర్యాదలో లోటు చెయ్యలేదు.

"మా అన్నయ్య ప్రాణం పోయిపోయి దక్కింది అక్కడేనండి. మీ బాధ నాకు తెలీదనుకోకండి. కాని మీ రోడ్డు వంకర మా చెరువు వల్ల వచ్చిందా అండి? మధ్యకు కోస్తే అటు చెరువూ కాదు, ఇటు పొలమూ కాదు. నేను కోర్టుకెళ్తాను. ముందే చెప్తున్నాను, తప్పుగా అనుకోకండి."

మా ఎస్‌ఈ గారు, అంటే నా పై సూపరింటెండింగ్ ఇంజనీరు, రెండు డ్రాయింగులూ పక్కపక్కన పరిచి చూశారు. "భూసేకరణంటే నా రిటైర్‌మెంటు దాటుతుంది, నీ రిటైర్‌మెంటు కూడా దాటుతుంది. ఈలోగా ఎంతమంది పడతారో నువ్వే లెక్కెయ్యి" అన్నారు. ఆయన సోమరి కారు, లంచగొండి అసలే కారు. ఆ లెక్క నేనూ వేశాను. రెండో డ్రాయింగే ఎంచాం.

కాలనీకి మలుపు నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో, రేవు వైపు లోపలికి, మెరక మీద పట్టాలు వచ్చాయి, పక్కా ఇళ్ళు వచ్చాయి. మంగ గృహప్రవేశానికి మా ఆఫీసు మొత్తాన్నీ పిలిచి చేపల పులుసు పెట్టింది. గడప మీద కూర్చుని, కాళ్ళు చాపి, "పొడిగా ఉందండీ" అని రెండుసార్లు అంది.

పని పూర్తయ్యాక ఎస్‌ఈ గారు తనిఖీకి వచ్చారు. ఏడుకొండలు దోనె తీసుకెళ్ళడానికి బండి మాట్లాడుకుని అక్కడే ఉన్నాడు. ఎస్ఈ గారు కడ్డీ మీద చెయ్యి వేసి, "ఇంకేంటి ఏడుకొండలూ! నీ ఉద్యోగానికి ఇవాళే రిటైర్‌మెంటు" అన్నారు. అందరం నవ్వాం.

ఏడుకొండలూ నవ్వాడు. తరవాత, "ఈ కడ్డీ అయిపోయిన చోట ఎవరుంటారండి?" అని అడిగాడు.

"అక్కడ రోడ్డు తిన్నగా ఉందయ్యా. తిన్నటి రోడ్డు మీద ఎవరు పడతారు?"

"ఆయ్" అన్నాడు ఏడుకొండలు. దోనెను బండి మీదకు ఎత్తుకున్నాడు. కొత్త కాలనీ దగ్గర కాలువ లేదు. కొన్నాళ్ళకు ఆ దోనె మంగ గేదెలకు కుడితి తొట్టి అయింది. ఎండకు అడుగున నెరలు విచ్చింది.

కొన్నాళ్ళపాటు మలుపులో ఒక్క బండీ పడలేదు. ఆ సంగతి నేను సమావేశాల్లో చెప్పేవాణ్ణి కూడా.

ఆ ఉదయం

ఇరుకు రోడ్డు మీద అందరూ మలుపుకు భయపడి నెమ్మదిగా వచ్చేవాళ్ళు. ఏడు మీటర్ల నున్నటి రోడ్డు మీద భయం పోయింది. మలుపులోకి అరవైలో వచ్చి, దాటగానే ఎనభై అందుకునేవాళ్ళు. కాలువకు దూరమైన కాలనీలో వేట సన్నగిల్లింది. ఆడవాళ్ళు రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీలో చేరారు. ఫ్యాక్టరీ ఆటో పొద్దున్నే కాలనీకి వచ్చి, వాళ్ళనూ దారిలో ఇంకొందరినీ ఎక్కించుకుని, ఈ రోడ్డు మీదే పట్నం వైపు వెళ్ళేది. వీటిలో ఏ ఒక్కటీ డ్రాయింగులో లేదు.

పుష్యమాసం, పొగమంచు. దాళ్వాకు కాలువ నిండుగా పారుతోంది. ఉదయం 6.10కి పాలవ్యాను ఒకటి ఆటోను దాటబోయింది. ఆటో తప్పుకుని, కడ్డీ అయిపోయిన చోటికి 60 మీటర్ల అవతల, తిన్నటి రోడ్డు మీంచి కాలువలో పడింది. ఆటోలో ఏడుగురు. డ్రైవరూ, ఒక అమ్మాయీ వాళ్ళంతట వాళ్ళు గట్టెక్కారు. వ్యాను ఆగలేదు. పాత రోజుల్లో ఆ వేళకు కాలనీ ఆడవాళ్ళు మలుపు దగ్గర కాలువ మెట్ల మీద గిన్నెలు తోముతూ ఉండేవాళ్ళు. ఆ ఉదయం గట్టు మీద ఎవరూ లేరు. పంటు రేవు నుంచి తిరిగొచ్చే మొదటి బస్సు అక్కడికి చేరేటప్పటికి సుమారు ఏడయింది. అలవాటు ప్రకారం రెండుసార్లు హారన్ కొట్టింది. తడిబట్టలతో వణుకుతున్న ఆ అమ్మాయి రోడ్డుకు అడ్డంగా వచ్చి చేతులెత్తింది.

బస్సు డ్రైవరు ఫోనుతో కాలనీకి తెలిసింది. నేను చేరేటప్పటికి ఏడుకొండలు మోకు భుజాన వేసుకుని సైకిలు మీద వచ్చేసి, అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఎవరు చెప్పినా పైకి రాలేదు. ఐదుగురినీ తనే తీశాడు. నాలుగో మనిషి మంగ. ఆమెను గట్టు మీద పడుకోబెట్టి, కొంగు సర్ది, ఐదో మనిషి కోసం మళ్ళీ దిగాడు.

అంతా అయ్యాక నేను అతని పక్కన కూర్చున్నాను.  అతను అన్నాడు.

"రోడ్డు బాగుందండి. మూడు కిలోమీటర్లు ఎక్కడా గొయ్యి తగల్లేదు. లేకపోతే ఇంకా ఆలస్యమయ్యేది."

నన్ను దెప్పడానికి అన్న మాట కాదది. నా జీవితంలో నా పనికి దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

ఏఈకి చెప్పదలచుకున్నది

విచారణ జరిగింది. మలుపు డిజైనులో లోపం లేదని తేలింది. నిజమే, లోపం లేదు. కడ్డీని మరో 150 మీటర్లు పొడిగించాం. అది కూడా ఎక్కడో ఒకచోట అయిపోతుంది. మేము సరిచేసింది మలుపును. ఆ మలుపు దగ్గర బండి పడ్డ వెంటనే నీళ్ళలోకి దూకే ఇరవై నాలుగు ఇళ్ళు ఆ రోడ్డుకు రక్షణ అని, వాటిని తీసినప్పుడు రోడ్డులో ఒక భాగాన్ని తీస్తున్నామని మాకెవరికీ తట్టలేదు. కడ్డీ ఉన్నా ఇళ్ళు ఉండవచ్చు. ఇళ్ళను మెరక చేసి అక్కడే ఉంచిన మూడో డ్రాయింగు ఎవరూ గీయలేదు.

ఏడుకొండలు కొత్త దోనె చేయించుకుని మలుపుకు తిరిగొచ్చాడు. పాక వేసుకున్నాడు. పాక మన హద్దులోనే ఉంది, నేను వెళ్ళి కొలిచాను. తారు అంచుకు 1.8 మీటర్లు. రూలు ప్రకారం అది ఆక్రమణే. నువ్వు తీసెయ్యాలి. తీసే ముందు, అక్కడ రేపు బండి పడితే దిగేదెవరో ఒక్క పేరు రాసుకుని తియ్యి. ఇంతే చెప్పగలను.

ఇంతవరకు రాసి పంపించాను. పది రోజులకు ఏఈ మళ్ళీ ఫోన్ చేశాడు.

"పాక తీసేశామండి సార్. తప్పలేదండి, ఫోటోలు పెట్టమన్నారు. పెద్దాయన ఏమీ అనలేదండి, తాటాకులు తనే అందించాడు."

"మరి దోనె?" అన్నాను.

"దోనె మాత్రం ముట్టుకోలేదండి. ఆర్డరులో రోడ్డు హద్దు అనే ఉందండి. దోనె నీళ్ళలో ఉంది కదండి, నీళ్ళు మనవి కాదు."

"ఏడుకొండలో?"

"పొద్దున్నే ఐదింటికి సైకిలు మీద వస్తున్నాడండి. ఫ్యాక్టరీ ఆటోలు వెళ్ళిపోయేదాకా గట్టు మీద కూర్చుంటున్నాడు. మొదటి బస్సు హారన్ కొడితే చెయ్యెత్తుతున్నాడండి. నిన్న నేనూ ఉన్నాను." మళ్ళీ అడిగాడు. "సార్, గుంజ దగ్గర ఒక డబ్బా తారు పెట్టిస్తే తప్పా అండి?"

కాదన్నాను.

9/400 మలుపు, చివరి లెక్క:

సరిచేసిన పొడవు: 210 మీటర్లు. తరవాత పొడిగించినది: 150 మీటర్లు.

ఖాళీ చేయించిన ఇళ్ళు: ఇరవై నాలుగు.

పనికి అయిన ఖర్చు: మంజూరైన మొత్తానికి లోబడి.

పని పూర్తయ్యాక మలుపులో పడినవాళ్ళు: లేరు.

మలుపు దాటాక పోయినవాళ్ళు: ఐదుగురు. అందరూ ఆడవాళ్ళు. ముగ్గురు పాత కాలనీవాళ్ళు. వాళ్ళలో ఒకరు మంగ.

తీసేసిన పాకలు: ఒకటి.

దోనె: ఒకటి. నీళ్ళలో ఉంది.